దొరగారి ఉన్నిలో అయిదు రోజులు

ఆ అమ్మాయికి అమ్మానాన్నలు పెట్టిన పేరు బడి రిజిస్టరు దాటి బయటికి రాలేదు. ఊరందరికీ ఆమె కంబళి. రెండో తరగతిలో ఉండగా ఒక చలి పొద్దున, పుట్టి పూటైనా కాని గొర్రెపిల్లను కంబళిలో చుట్టుకొచ్చి, వెనక బల్ల మీద ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. పంతులమ్మ ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ "ఏడెనిమిదులెంత?" అని అడిగితే పిల్లలెవరూ నోరు మెదపలేదు. ఆమె ఒళ్ళోని కంబళి మాత్రం "మే" అని జవాబిచ్చింది. ఆ రోజు అంటుకున్న పేరు ఇరవై నాలుగేళ్ళొచ్చినా వదల్లేదు. ఆమెకూ వదిలించుకోవాలని లేదు.

బుర్ర లేనివాణ్ణి తిట్టాలంటే మనకు చప్పున నోటికొచ్చే మాట గొర్రె. కంబళి ముందు ఆ మాట తూలినవాళ్ళకు ఆ పూట పని సాగదు. గొర్రె ఒకసారి చూసిన మొహాన్ని ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటుందని, తమరు మొన్న తీసుకెళ్ళిన గడ్డపార ఎవరిదో తమరికే గుర్తులేదని, నడిరోడ్డు మీద నిలబెట్టి కడిగేస్తుంది. కోపం ముక్కు మీదే ఉంటుంది. దిగడం కూడా అంత తొందరగానే దిగుతుంది, అది వేరే సంగతి.

వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళుగా మాంసం గొర్రెలు పెంచుతున్న మనిషి. ఆయన గొర్రె వీపు మీద చెయ్యి వేశాడంటే తక్కెడలో పెట్టినట్టే, బరువు అటూ ఇటూ పోదు. అలాంటివాడి దొడ్డిలోకి కూతురు చదువు ముగించుకుని వస్తూ వస్తూ ఆరు ఉన్ని గొర్రెలను, ఒక పొట్టేలును దింపింది. ఆయన వాటి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"వీటితో ఏం చేస్తావమ్మా?"

"జుట్టు పెంచుతాను నాన్నా."

"మన తలలు దువ్వుకోవడానికే తీరిక లేదు కదే!"

అన్నాడే గానీ కాదనలేకపోయాడు. కానీ వాగు పక్కనున్న పచ్చిక ఒక్క మందకే సరిపోతుంది. అందుకని ఒప్పందం పెట్టాడు. మూడేళ్ళు. ఏటా జరిగే గొర్రెల పోటీలో ఒక్కసారైనా మొదటి మూడు స్థానాల్లో నిలబడితే ఆ పచ్చిక కంబళిది. లేకపోతే ఉన్ని గొర్రెలు వాటిని కోరుకునేవాళ్ళ దగ్గరికి, కంబళేమో నాన్న మంద పనిలోకి. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా సరేనంది. మొదటి ఏడు తొమ్మిదో స్థానం. రెండో ఏడు అయిదు. ఇక మిగిలింది ఒక్క ఏడు, ఒక్క పొట్టేలు.

ఆ పొట్టేలు పేరు దొరగారు. నడకలో ఆ దర్జా ఉండేది. రోజూ పొద్దున మెడకు తాడు వేసి వీధిలో నడిపిస్తూ కంబళి దానికి పోటీ మర్యాదలు నేర్పేది. నిలబడమంటే నాలుగు కాళ్ళూ చదరంగా పెట్టి నిలబడాలి, తల ఎత్తాలి, ఎవరైనా పళ్ళు చూస్తానంటే చూపించాలి. దొరగారు అన్నీ నేర్చుకున్నాడు గానీ, వీధిలో ఆగేది మాత్రం మంగలి షాపు ముందే. లోపలున్న అద్దంలో తనను చూసుకుంటూ పది నిమిషాలు కదిలేవాడు కాదు. "రండి దొరగారూ, కుర్చీ ఖాళీగానే ఉంది," అని మంగలి కత్తెర ఆడించేవాడు. కంబళి పళ్ళు నూరుకుంటూ తాడు లాగేది.

ఉన్ని గొర్రెను పోటీకి పెంచడమంటే పసిపిల్లను పెంచడం కన్నా చాకిరీ. ఎండుగడ్డి ఎత్తులో పెడితే పొట్టు రాలి మెడ మీది ఉన్నిలో ఇరుక్కుంటుంది, అందుకని నేల బారున తొట్టి. ముల్లున్న చోట మేపకూడదు. గిట్టలు నెలనెలా చెక్కాలి. ఉన్ని కత్తిరించిన మర్నాటి నుంచే ఒంటికి గుడ్డ తొడుగు వేయాలి, ఉన్ని పెరిగేకొద్దీ తొడుగు మార్చాలి. బిగుతుగా ఉన్న తొడుగులో ఉన్ని ఉండ కట్టేస్తుంది. ఆ తొడుగులు కుట్టే బాధ్యత నాయనమ్మది. పాత దుప్పట్లన్నీ ఆమె మిషను కిందకు వెళ్ళి తొడుగులై వచ్చేవి. దొరగారికి పోటీ ఏడాదిలో దక్కింది పెద్ద పెద్ద గులాబీల దుప్పటి. మందలోకెల్లా పొగరుమోతు మగాడు గులాబీల గౌనుతో తిరుగుతుంటే నాన్న మొహం పక్కకు తిప్పుకునేవాడు, నవ్వు కనబడకూడదని.

ఆడగొర్రెల ఉన్నిని కంబళి నెలకోసారి పాయ తీసి లాగి చూసుకునేది. దొరగారిది మాత్రం ముట్టుకోలేదు. ఉన్ని విప్పిన ప్రతిసారీ కాస్త దుమ్ము లోపలికి దిగుతుంది. పోటీ రోజున జడ్జి వేళ్ళే మొదట దిగాలని పట్టు పట్టింది. ఆడగొర్రెల పాయలన్నీ గట్టిగా ఉంటే, ఒకే దొడ్డిలో ఒకే గడ్డి తిన్న పొట్టేలుది ఎందుకు ఉండదు? ఇదీ ఆమె ధీమా.

పోటీకి అయిదు నెలల ముందు ఒక మధ్యాహ్నం కంబళికి కడుపులో నొప్పి మొదలై, సాయంత్రానికి నిలబడలేకపోయింది. ఆపరేషన్ చేసి అపెండిక్స్ తీసేశారు. పది రోజులు ఆసుపత్రి మంచం. అమ్మ పక్కనే ఉండిపోయింది. ఇంట్లో నాన్న, నాయనమ్మ, రెండు మందలు. నాన్న రోజూ సాయంత్రం ఫ్లాస్కులో పాలు పట్టుకుని వచ్చేవాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల.

"దొరగారెలా ఉన్నారు నాన్నా?"

"ఆయనకేం, లక్షణంగా ఉన్నాడు," అనేవాడు నాన్న, కిటికీలోంచి బయటికి చూస్తూ.

నాన్న అలా గొర్రె సంగతి అడిగితే కిటికీలోంచి చూడటం ఆమెకు కొత్తగా అనిపించలేదు. ఉన్ని గొర్రెలంటే ఆయనకు మొదటి నుంచీ పడదు కదా అనుకుని ఊరుకుంది.

పోటీ జరిగేది రేకుల కప్పున్న పెద్ద షెడ్డులో. నేలంతా రంపపు పొట్టు పరిచి, ఇనుప కమ్మీలతో గదులు గదులుగా కట్టారు. మైకులో ఎవరో నిమిషానికోసారి "హలో, హలో" అంటున్నారు, ఆ తర్వాత ఏమీ చెప్పడం లేదు. నాన్న కమ్మీల అవతల నిలబడ్డాడు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నాయనమ్మ, ఒళ్ళో గులాబీల తొడుగు మడతపెట్టుకుని. పన్నెండు పొట్టేళ్ళు వరసగా నిలబడ్డాయి. దొరగారు నాలుగు కాళ్ళూ చదరంగా పెట్టి, తల ఎత్తి, ఈ ఏర్పాటంతా తన కోసమే అన్నట్టు చూస్తున్నాడు.

జడ్జి గారు పొట్టిగా, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని ఉన్న ఒక పెద్దావిడ. ఆవిడ అరచేతులు ఉన్ని జిడ్డుకు నిగనిగలాడుతున్నాయి. పళ్ళు చూసింది, కాళ్ళు చూసింది, వెనక్కి నాలుగడుగులు వేసి నడక చూసింది. తర్వాత దొరగారి భుజం మీద రెండు చేతులూ వేసి ఉన్ని పాయ తీసింది. పైన మట్టిరంగు, లోపల మీగడ. పాయ పొడుగునా సన్నని నొక్కులు. ఆవిడ పక్కటెముకల మీద ఇంకో పాయ తీసి, పలక పట్టుకుని వెంట తిరుగుతున్న గుమస్తాను "ఇలా వచ్చి చూడు" అని పిలిచింది. వాగు పక్క పచ్చిక కంబళి కళ్ళ ముందు కదిలింది.

ఆవిడ ఒక చిన్న పాయ పీకి, రెండు కొసలూ పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని వేలితో మీటింది. గట్టి ఉన్ని తీగలా మోగుతుంది. ఇది పుటుక్కుమంది. తొడ మీద నుంచి ఇంకో పాయ తీసింది. అదీ సరిగ్గా అక్కడే, సగంలో తెగింది.

"ఉన్ని కత్తిరించి ఎన్నాళ్ళయిందమ్మా?"

"పది నెలలండీ."

"అయితే ఇది అయిదు నెలల నాటి సంగతి. అప్పుడు దీనికి జబ్బు చేసిందా? నాలుగైదు రోజులు తిండి మానేసిందా?"

"లేదండీ," అంది కంబళి, తడుముకోకుండా. "ఒక్క పూట కూడా పస్తు లేదు. కావాలంటే మా ఇంట్లో ఎవరినైనా అడగండి."

జడ్జి గారు తెగిన పాయను ఆమె అరచేతిలో పెట్టింది. "తిండి లేని రోజుల్లో పెరిగిన ఉన్ని సన్నబడిపోతుందమ్మా. ఆ సన్నం ఎక్కడుందో అక్కడే తెగుతుంది. నువ్వు లేదంటున్నావు, ఇది ఉందంటోంది. నేనేం రాసుకోను?"

చుట్టూ ఉన్న పదకొండు మందీ కంబళినే చూస్తున్నారు. అబద్ధాలకోరును చూసే చూపు అది. ఆమె మళ్ళీ నోరు తెరవబోతుండగా కమ్మీల అవతల నుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

"నా వల్లేనండీ," అన్నాడు నాన్న.

ఆయన కమ్మీల మధ్య నుంచి వంగి లోపలికొచ్చాడు. పదిమందిలో నోరు విప్పి ఎరగని మనిషి, పంతులు ముందు నిలబడ్డ పిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు.

"పిల్ల ఆసుపత్రిలో ఉందండీ అప్పుడు. నేను దీని వీపు మీద చెయ్యేసి చూస్తే ఎముక తగిలింది. మా గొర్రెలకి ఎముక తగిలితే చిక్కినట్టే. అది అక్కడ కుట్లతో పడుంది, దాని పొట్టేలు ఇక్కడ ఎండిపోతోందని... దాణా రెండింతలు పెట్టాను. మర్నాడు ఇంకాస్త పెట్టాను. దాంతో కడుపు చెడింది. అయిదు రోజులు గడ్డి ముట్టలేదు. పిల్లకేం తెలీదు. అబద్ధం చెప్పింది నేను."

"మాంసం గొర్రెల వారా?" అంది జడ్జి గారు.

"ముప్పై ఏళ్ళుగానండీ."

"అదీ సంగతి. ఉన్ని గొర్రెకి ఎముక తగలడం మామూలే," అని ఆవిడ నిట్టూర్చింది. పలక మీద ఏదో రాయించి, కంబళి వైపు తిరిగింది. "తెగే ఉన్నికి నేను పైస్థానం ఇవ్వలేనమ్మా. ఉన్నిలో ఈ ఒక్క సన్నపు గీత లేకపోతే మిగతా పదకొండింటినీ చూసే పనే ఉండేది కాదు నాకు."

దొరగారికి ఏడో స్థానం వచ్చింది. ఓడిపోయినందుకు కాదు గానీ, ఆ చివరి మాటకు కంబళికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడ ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది!

షెడ్డు వెనక వ్యాను దగ్గర దొరగారిని కట్టేసి, ఆమె నాన్న మీద విరుచుకుపడింది.

"ఇంటికొచ్చిన రోజైనా చెప్పొచ్చు కదా నాన్నా! చెప్పి ఉంటే ఈ ఏడు దీన్ని ఇంట్లో ఉంచి, ఆడగొర్రెల్లో ఒకదాన్ని తెచ్చేదాన్ని కదా! అంతమంది ముందు నన్ను అబద్ధాలకోరుని చేశావు."

"కుట్లు పచ్చిగా ఉన్నాయి, అప్పుడెలా చెప్తానే? తర్వాత అది మళ్ళీ మేస్తోంది, మళ్ళీ నునుపెక్కింది. గండం గడిచిందనుకున్నాను. అది వెళ్ళి ఉన్నిలో కూర్చుంటుందని నాకేం తెలుసు!"

"నేను చెప్పమనే పోరానే," అంది నాయనమ్మ, వ్యాను మెట్టు మీద కూర్చుంటూ. "వింటేనా? నాచేత ఒట్టు వేయించుకున్నాడు, పశువుల డాక్టరు చేతా వేయించుకున్నాడు. ఆ అయిదు రోజులూ దీని పక్కనే గోనెపట్టా వేసుకుని పడున్నాడు. సీసాతో మందు పోయడం, పొట్ట రుద్దడం. నీ దగ్గరికొచ్చే ముందు మాత్రం సబ్బుతో రుద్దుకుని స్నానం చేసి చొక్కా మార్చేవాడు. గొర్రె వాసనొస్తే పసిగట్టేస్తావట!"

కంబళి కోపం ఎప్పటిలాగే దిగడం మొదలుపెట్టింది. దాన్ని పట్టి ఆపుదామని చూసింది గానీ ఆగలేదు. చేతిలో ఇంకా తెగిన పాయ ఉంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తను లాగి చూసుకుని ఉంటే ముందే తెలిసేది. ఆ తప్పు నాన్నది కాదు.

"సరేలే," అంది చివరికి, ముక్కు తుడుచుకుంటూ. "మాటంటే మాటే. మూడేళ్ళూ అయిపోయాయి. పచ్చికలోకి నీ మందని తోలుకో. వీటిని అడిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో రేపటి నుంచి చూస్తాను."

నాన్న ఆమె వైపు వింతగా చూశాడు.

"మూడెక్కడయ్యాయి? నీవి రెండే అయ్యాయి. ఈ ఏడు ఓడింది నేను. నీకింకా ఒకటుంది."

నాన్న అంతటితో ఆగకుండా వ్యానులోంచి దాణా డబ్బా దింపి, మూత తీసి ఆమె ముందు పెట్టాడు. గొర్రెకు ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి అడిగేది ఈయననే.

"దీనికెంత పెట్టాలో చూపించు. మళ్ళీ నువ్వెప్పుడైనా మంచాన పడ్డావనుకో, నాకు తెలియాలి కదా."

కంబళి డబ్బాలో చేతులు పెట్టి ఒక దోసెడు తీసింది. "ఇంతే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి."

నాన్న కూడా వంగి దోసెడు తీసి ఆమె దోసిలి పక్కన పెట్టి చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళు గొర్రెలను ఎత్తి దించిన చేతులవి. ఆయన దోసిట్లో ఆమెవి రెండు దోసిళ్ళు పడతాయి.

"చాలా ఎక్కువ నాన్నా," అంది కంబళి. ఆయన ఎడమ చేతిలోది వంచి డబ్బాలో పోసేసింది. "నీకు ఒక్క చెయ్యి చాలు."