మూయని సభ

దయ్యాల కథలు చెప్పేవాళ్ల ముఖం మీదే నవ్వేసే ఇంట్లో పుట్టాను నేను. మా నాన్న సైన్సు టీచరు. నేను బీఎస్సీ చదివాను. శ్మశానం పక్క స్టాపులో ఒక్కదాన్నే నిలబడి కాలేజీ బస్సు ఎక్కిన రోజులున్నాయి. కాబట్టి ఇది చదివి ఎవరైనా నవ్వితే నాకు కోపం రాదు. బాబు పడుకున్నాక, గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తున్నాను.

మాది గోదావరిఖని. మా మామగారు ఇక్కడి కోర్టులో వకీలు. వాళ్ల నాన్న బొగ్గు బావిలో తట్ట మోసి ఆయన్ని చదివించాడు. ఆయన నల్లకోటు వేసుకున్నాక బావుల్లో దెబ్బతిన్నవాళ్ల కేసులు, భూమి పోయినవాళ్ల కేసులే ఎక్కువగా పట్టాడు. బజారుకు వెళ్తే కూరగాయల బండి దగ్గర కూడా "నమస్తే వకీల్ సాబ్" అనేవాళ్లు.

ఆయనకు ఇంకో లోకం ఉండేది. లాడ్జి. అంటే గదులు అద్దెకిచ్చేది కాదు. రకరకాల కులాల, రకరకాల ఉద్యోగాల మగవాళ్లు ఒకరినొకరు అన్నదమ్ములుగా పిలుచుకుంటూ, తలుపులు మూసుకుని సభ జరుపుకునే పాత సంఘం. మామగారు దానికి పెద్ద. నెలకోసారి తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, చిన్న తోలుపెట్టె పట్టుకుని వెళ్లేవాడు. లోపల ఏం చేస్తారో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పుర్రెకు పూజ చేస్తారని వాడలో అనుకునేవాళ్లు. అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

మా బాబు అభికి మూడేళ్లు. మాట లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు. వెనకాల స్టీలు పళ్లెం పడేసినా ఉలకడు. కరీంనగర్‌లో, హైదరాబాదులో చూపించాం. చెవులు బాగానే ఉన్నాయన్నారు. ఎవరైనా పిలిస్తే తిరిగి జవాబివ్వాలని వాడికి తట్టడం లేదట. ఏదో ఒకదానికి, ఎవరో ఒకరికి జవాబు ఇస్తే అక్కణ్నుంచి మాట దాకా తీసుకురావచ్చని మాట నేర్పే మేడమ్ చెప్పింది. ఆ ఒక్క జవాబు కోసం నేను చెయ్యని పని లేదు.

ఒక సాయంత్రం లాడ్జి సభ నడుస్తుండగా మామగారు తన పెద్దకుర్చీలోనే పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు, మాట పోయాయి. కోర్టులో గంటలు గంటలు వాదించిన మనిషి మంచినీళ్లు అడగడానికి కూడా కళ్లతో చూడాల్సి వచ్చింది. ఇంట్లో మాటలేని వాళ్లు ఇద్దరయ్యారు.

ఆయన మంచం ఆఫీసు గదిలోనే వేశాం, చట్టం పుస్తకాల బీరువాల మధ్య. ఒక మధ్యాహ్నం ఎడమచేతి కణుపులతో మంచం పట్టె మీద కొట్టాడు. రెండు గబగబా, కొంచెం ఆగి ఒకటి. గడప అవతల కూర్చున్న అభి తల తిప్పాడు. నేను అన్నం గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వాడు పిడికిలి ముడిచి నేలమీద కొట్టాడు. రెండు, ఆగి ఒకటి.

ఆ రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం అదే. మా అత్తమ్మ గడపలో కూర్చుని ఎత్తిపొడిచేది.

"ఇన్నేండ్లు కాపురం జేసిన. లోపట ఏం జేస్తరో నాకు ఒక్క ముక్క జెప్పలే. గీ పోరనికైతే అన్నీ నేర్పుతున్నవ్ గదా, వకీల్ సాబూ."

ఆయన నవ్వేవాడు కాదు. మళ్లీ కొట్టేవాడు. ఏదో మిగిలిపోయినట్టు కళ్లలో నీళ్లు తిరిగేవి. మనవడి మీద ప్రేమ అనుకున్నాం. మేడమ్‌కు ఫోన్ చేసి చెబితే ఇదే మొదటి మెట్టు, వదలొద్దు అంది. నేను ఆ వారం సరిగ్గా నిద్రపోయాను.

ఎండాకాలంలో మామగారు పోయాడు. కర్మ అయ్యాక ఆఫీసు గదికి తాళం వేసి, తాళంచెవి అత్తమ్మ కొంగుకు కట్టుకుంది.

తర్వాత కొన్నాళ్లకు, మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే అభి ఆ తలుపు ముందు కూర్చుని నేలమీద కొట్టడం చూశాను. అలవాటు అనుకున్నాను. కానీ వాడు కొట్టే ముందు ఆగుతున్నాడు. వింటున్నాడు. నేనూ విన్నాను. తలుపు లోపలి నుంచి, చెక్కమీద. రెండు గబగబా, ఆగి ఒకటి.

మా ఇంటికి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని దగ్గర. మధ్యాహ్నం సైరన్ మోగి బ్లాస్టింగ్ జరిగితే కిటికీలు గజగజలాడతాయి. తలుపు కూడా అందుకే అదురుతోందని నాకు నేను చెప్పుకున్నాను. పండక్కి పని బంద్ ఉన్న రోజున, సైరన్ లేదు, బ్లాస్టింగ్ లేదు, చప్పుడు మాత్రం వచ్చింది. ఆ రోజు మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. తనూ విన్నాడు. తాళం తీశాం. మేకుకు నల్లకోటు, ఉత్త మంచం, పుస్తకాలు. నేలమీద సన్నటి బొగ్గుదుమ్ము మీద ఒక్క గీత లేదు, ఎలుక అడుగు కూడా లేదు.

నాకు భయం వేసింది. కానీ నిజం చెప్పాలంటే, లోపల ఎవరున్నారన్న భయం కంటే అభి జవాబిస్తున్నాడన్న సంతోషమే ముందు వచ్చింది.

మెడికల్ షాపు రాజేశం కాక మామగారికి లాడ్జిలో తమ్ముడి వరస. సభ జరిగేటప్పుడు తలుపు బయట కాపలా నిలబడే పని ఆయనది. ఒక మధ్యాహ్నం అత్తమ్మను పలకరించడానికి వచ్చాడు. చాయ్ తాగుతుండగా ఆఫీసు గది తలుపు మోగింది. కాక కప్పు కింద పెట్టి, ఎవరో పిలిచినట్టు లేచి నిలబడ్డాడు. అభి నేలమీద కొట్టాడు. కాక వాడివైపు చూసి గోడ పట్టుకున్నాడు.

"వీనికి ఇది ఎవరు నేర్పిండ్రు బిడ్డా?"

"మామయ్యే కాకా. మంచంల ఉన్నప్పుడు."

కాక గోడ వదిలి మళ్లీ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "సభ మూసేముందు పెద్ద కొట్టే దెబ్బ అది. తలుపు కాడున్న నేను జవాబియ్యాలె. అప్పుడు ఆయన ఆఖరి మాట జెప్పి సభ మూస్తడు. ఆయన తెరిచిన సభ ఆయనే మూయాలె. ఆయనతోని గాకుంటే ఆయన పేరు మీద మేం మూయాలె. ఆ రోజు ఆయన పడిపోంగనే అందరం దవాఖానకు ఉరికినం. మూసుడు మర్సినం. తర్వాత నేను సూడవస్తే నా ముందట గూడ కొట్టిండు. చెయ్యి వణుకుతుందనుకున్న."

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నాళ్లూ మామగారు మనవడితో ఆడుకోలేదు. పని ముగించడానికి తండ్లాడాడు. జవాబిచ్చింది మాటరాని పిల్లవాడు ఒక్కడే.

మూసేద్దామని కాక, మా ఆయన, అత్తమ్మ కలిసి నిర్ణయించారు. నాలో ఏదో వద్దంది. ఏమని చెప్పాలో తెలియలేదు. ఆదివారం పొద్దున లాడ్జి అన్నదమ్ములు తోలుపెట్టెలతో వచ్చారు. ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. కాక బయట నిలబడ్డాడు. మేం వరండాలో కూర్చున్నాం, అభి నా ఒళ్లో. లోపలి నుంచి కొట్టారు. రెండు, ఆగి ఒకటి. అభి పిడికిలి లేపాడు. ఈలోపే కాక తలుపు మీద జవాబు కొట్టేశాడు.

అభి తన పిడికిలి వంక చూసుకున్నాడు. తర్వాత దించేశాడు.

తలుపు తెరుచుకుంది. అందరూ చాయ్ తాగి వెళ్లారు. "ఇగనన్న నిమ్మళంగ పండుకుంటడు," అంది అత్తమ్మ.

ఆ తర్వాత ఆ గదిలో ఏ చప్పుడూ లేదు. అభి ఆ తలుపు ముందు కూర్చోవడం మానేశాడు. నేలమీద కొట్టడం మానేశాడు. దేనికీ తిరగడు. కొందరు పిల్లలు ఇలాగే రెండడుగులు వేసి వెనక్కి పోతారని, ఎందుకో తమకూ తెలియదని మేడమ్ అంది. మళ్లీ మొదటి నుంచి ప్రయత్నించమంది. ఆమె గొంతులో ఆశ లేదని నాకు తెలుస్తూనే ఉంది.

బ్లాస్టింగ్ లేని రోజున, మనిషి లేని గదిలోంచి ఆ దెబ్బలు ఎలా వచ్చాయో నేను చెప్పలేను. మా ఆయన కూడా చెప్పలేడు, ఇప్పుడు ఆ మాటే ఎత్తడు.

మధ్యాహ్నాలు అత్తమ్మ కునుకు తీశాక తాళంచెవి తీసుకుని ఆ గదిలోకి వెళ్తాను. అభిని తలుపు అవతల కూర్చోబెట్టి, లోపలి నుంచి కొడతాను. రెండు గబగబా, కొంచెం ఆగి ఒకటి. ఆయన కొట్టినట్టే కొడుతున్నానని అనుకుంటాను. చెక్కకు చెవి ఆనించి వింటాను.

అవతల ఫ్యాను తిరిగే చప్పుడు ఒక్కటే.