గుట్ట మీది టర్కీ పుంజు

పోయిన ఆదివారం మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో సరుకులకి వెళ్తే, ఫ్రీజర్ల వరసలో గడ్డకట్టిన టర్కీ కోళ్ళు కనబడ్డాయి. క్రిస్మస్ దగ్గర పడిందన్నమాట. నా పక్కన ట్రాలీ తోస్తున్న మా మావయ్య, పెళ్ళిలో మాటల్లేని బంధువు ఎదురైనట్టు చూపు తిప్పుకుని, ట్రాలీని బియ్యం బస్తాల వైపు మళ్ళించేశాడు. ఇంట్లో బియ్యం నిండుగా ఉన్నాయి. అయినా ఇంకో బస్తా కొన్నాం. కారణం నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నాకు తెలుసని ఆయనకి తెలుసు.

నేను యూనివర్సిటీలో ఉన్న రోజుల్లో మావయ్యకి మెల్‌బోర్న్‌కి ఉత్తరంగా, కారులో మూడు గంటల దూరంలో ఒక పొలం ఉండేది. క్లాసులు లేని రోజులన్నీ నేనూ అక్కడే గడిపేవాణ్ణి. పదేళ్ళు కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళకి ఒక వయసులో మట్టి మీద ప్రేమ పుడుతుంది. చాలామంది పెరట్లో రెండు కరివేపాకు మొక్కలు పెట్టుకుని సర్దుకుంటారు. మా మావయ్య ఉద్యోగం మానేసి పొలం కొన్నాడు. గోంగూర, తోటకూర, మెంతికూర పండించి సిటీలో మనవాళ్ళ కొట్లకి వెయ్యాలని ఆలోచన. ఆలోచన మంచిదే. ఆ పొలం అమ్మినవాళ్ళు ఎప్పుడో పెంచి వదిలేసి పోయిన టర్కీలకి కూడా అది చాలా నచ్చింది. అవి అడవి పట్టి, మందగా పెరిగి, పొలం వెనక గుట్ట మీది యూకలిప్టస్ చెట్లలో కాపురం పెట్టాయి. విత్తనం మొలకెత్తి రెండాకులు వెయ్యగానే దిగి వచ్చేవి. వల కడితే ఎగిరి దాటాయి. మావయ్య తన పాత ఆఫీసు చొక్కా తొడిగి ఒక దిష్టిబొమ్మ నిలబెడితే, దాని నీడలో కూర్చుని తిన్నాయి. ఆ చొక్కాకి ఆఫీసులో కూడా అంతే గౌరవం ఉండేదని నేనన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వే పరిస్థితి కాదది.

ఆ వసంతంలో, అంటే ఇక్కడ దసరా దీపావళులు వచ్చే కాలంలో, రెండుసార్లు విత్తాడు, రెండుసార్లూ పోయింది. మూడోసారి విత్తిన రోజు అత్త భోజనాల దగ్గర, సాంబారు గరిటె గిన్నెలో పెట్టి, మామూలు గొంతుతో ఒక మాట చెప్పింది. ఈసారి కూడా మొలకలు పోతే తను పాయింట్ కుక్‌కి వెళ్ళిపోతుంది, అక్కడ తన పాత ఉద్యోగం మళ్ళీ ఇస్తామన్నారు, ఆయన రావచ్చు, రాకపోవచ్చు. అరిచి ఉంటే మావయ్య కూడా అరిచేవాడు, ఇద్దరూ అలిసిపోయేవాళ్ళు, తెల్లారేసరికి సర్దుకునేది. ఆమె అరవలేదు. మావయ్య ఆ పూట పెరుగన్నంలో రెండుసార్లు ఉప్పు వేసుకుని, అలాగే తిన్నాడు. ఆ రోజు నించి ఆయన మొహంలోకి చూడాలంటే నాకు భయం వేసేది. మధ్యాహ్నం పూట మడుల పక్కన గొంతుకూర్చుని, మట్టిని వేలితో కదిపి, మొలక వచ్చిందా అని చూసేవాడు. వస్తే తింటాయని భయం, రాకపోతే రాలేదని భయం.

చివరికి వేట అనుకున్నాడు. తుపాకీ ఉంది, లైసెన్సూ ఉంది. ధైర్యానికి నన్ను తోడు రమ్మన్నాడు, ఆయనకి అప్పటికి ఇంకెవరూ దొరకలేదు కాబట్టి. ఆయన సిద్ధాంతం ఏమిటంటే, ఆ మందకి ఒక పెద్ద పుంజు నాయకుడు, వాణ్ణి లేపేస్తే మిగతా మంద చెల్లాచెదురై పోతుంది. టీం లీడ్‌గా పనిచేసిన మనిషి అలాగే ఆలోచిస్తాడు. ఆయన రాజీనామా చేసిన వారం ఆయన టీం బౌలింగ్‌కి వెళ్ళి ఫొటోలు పెట్టిందని గుర్తు చేద్దామనుకుని మానేశాను. వసంతంలో పుంజులకి పెట్టల ధ్యాస. పెట్ట కూత వింటే వెతుక్కుంటూ వస్తాయి. మావయ్య ఆన్‌లైన్‌లో ఒక చెక్కపెట్టె తెప్పించాడు. దాని మూత రుద్దితే పెట్ట కూసినట్టు ఉంటుంది. మావయ్య రుద్దితే మాత్రం తుప్పు పట్టిన గేటు తీసినట్టు ఉండేది. ఇంకో సంగతి ఏమిటంటే, పుంజు పెట్టకే కాదు, ఏ పెద్ద చప్పుడు విన్నా గొళగొళమని పలుకుతుంది. కారు తలుపు వేస్తే పలుకుతుంది, మావయ్య తుమ్మితే పలుకుతుంది. మాతో ఉండటానికి ఇండియా నించి వచ్చిన అమ్మమ్మ పొద్దున్నే పూజలో గంట కొడితే గుట్ట మీంచి పలికేది. దానికి భక్తి ఉందని అమ్మమ్మ నమ్మకం.

అసలు చిక్కు అమ్మమ్మతోనే వచ్చింది. రెండు రోజులు చెట్ల కింద కూర్చుని ఒట్టి చేతులతో తిరిగొచ్చాక, మొలకలు రెండాకులు వేసిన సరిగ్గా ఆ పూటే, ఆవిడ గోడ మీద విజయవాడ క్యాలెండర్ చూపించి, తెల్లారితే కార్తీకమని ప్రకటించింది. కార్తీకంలో ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు, ఇక ప్రాణం తియ్యడమా. నెలంతా తుపాకీ ముట్టకూడదు. నెల ఆగితే ముట్టుకోవడానికి పొలంలో ఏమీ ఉండదు. మావయ్య లోపలికి వెళ్ళి, ఫోన్‌లో మెల్‌బోర్న్ పంచాంగం తీసి, ముప్పై ఏళ్ళ చదువునీ, ఉద్యోగానుభవాన్నీ పెట్టి వాదించాడు. విజయవాడ కంటే ఇక్కడ ముందు తెల్లారుతుంది, అక్కడ తెల్లారేసరికి ఇక్కడ మధ్యాహ్నం. మన సూర్యోదయానికి ఇంకా అమావాస్యే నడుస్తూ ఉంటుంది. కాబట్టి రేపు మధ్యాహ్నం దాకా ఈ ఇల్లు ఆశ్వయుజంలోనే ఉంది.

"దేవుడికి కూడా టైం మారుస్తావుట్రా," అంది అమ్మమ్మ.

"దేవుడు ఇక్కడికొచ్చి ఈ మడులు చూడమను. ఆయనే తిథి మారుస్తాడు," అన్నాడు మావయ్య. అమ్మమ్మ క్యాలెండర్ వైపు కాకుండా కొడుకు వైపు చూసి, సరే, మధ్యాహ్నం దాకానే అంది.

అలా భూమి గుండ్రంగా ఉండటం వల్ల మాకు ఒక పూట మిగిలింది.

వెలుగు రాగానే బయల్దేరాం. మడుల కాపలా అత్తకి అప్పజెప్పాం. చప్పుడు చెయ్యకూడదని ఫోన్లు కట్టేశాం. గుట్ట అవతలి వాలులో, పడిపోయిన ఒక చెట్టు మొద్దు వెనక బోర్లా పడుకున్నాం. గాలి మా వెనక నించి గుట్ట వైపు, గుట్ట దాటి ఇంటి వైపు వీస్తోంది. గడ్డి మీది మంచు చొక్కాలోంచి పొట్టకి దిగింది. చీమలు నన్ను పరిశీలించి, పనికొస్తాననే నిర్ణయానికొచ్చాయి. మావయ్య పెట్టె రుద్దాడు. ఏమీ లేదు. మళ్ళీ రుద్దాడు. ఎండ పైకి వస్తోంది, మధ్యాహ్నం దగ్గర పడుతోంది, ఆయన ఎంత గబగబా రుద్దుతున్నాడంటే ఆ పెట్టెలో పెట్టకి ఎక్కిళ్ళు పట్టాయి. ఇది కూడా పోతే ఏం చేస్తావు మావయ్యా అని అడగాలనుంది. ఆయన పెదవులు కదులుతున్నాయి. మంత్రమో, అత్త పేరో నాకు తెలియలేదు. నోటిదాకా వచ్చిన జోకు దానంతట అదే వెనక్కి వెళ్ళిపోవడం నా జీవితంలో ఆ ఒక్కసారే.

అప్పుడు పలికింది. గుట్ట నెత్తి మీద, చెట్ల మధ్య, గొళగొళమని. మావయ్య నా భుజం పిసికాడు. పెట్టె పక్కన పెట్టేశాడు, తుపాకీ పట్టుకోవాలి కదా. పుంజు మళ్ళీ పలికింది. ఆగి మళ్ళీ పలికింది. ఈసారి ఊపిరి తిప్పుకోకుండా వరసగా, ఎవరితోనో తగువు పడుతున్నట్టు.

"చూశావురా అల్లుడూ, పిలవకుండానే పలుకుతోంది," అన్నాడు మావయ్య గుసగుసగా. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడు నెలల్లో ఆయన మొహాన మొదటిసారి వెలుగు చూశాను.

పుంజు దిగి వచ్చింది. తోక విసనకర్రలా విప్పి, మెడ ఎర్రగా చేసుకుని, అడుగు తీసి అడుగు వేస్తూ వచ్చింది. నిజం చెప్పొద్దూ, పెళ్ళికొడుకు కళ ఉంది దానిలో. మావయ్య కాల్చాడు. పడిపోయింది. నేను లేచి గంతులేశాను, ఆయన లేవలేదు. కాసేపు అలాగే మొద్దు మీద నుదురు ఆనించి పడుకున్నాడు.

పుంజుని కాళ్ళు పట్టుకుని, వంతులవారీగా మోసుకుంటూ గుట్ట ఎక్కాం. అబ్బో, ఏం బరువు. దారిలో మావయ్య వచ్చే ఏడాది వంకాయ కూడా వేద్దామన్నాడు. నెత్తి మీదికి చేరి ఇంటి వైపు చూశాం. మడులు పచ్చగా లేవు. గోధుమరంగులో ఉన్నాయి, పైన నల్లగా చుక్కలు కదులుతున్నాయి. పెట్టలు. మందకి మందా అక్కడుంది. వాటి మధ్య అత్త, ఒక చేతిలో స్టీలు పళ్ళెం, ఇంకో చేతిలో గరిటె పట్టుకుని, ఈ చివర నించి ఆ చివరకి పరిగెడుతోంది. ఈ మడిలోంచి తోలితే ఆ మడిలో దిగుతున్నాయి. అమ్మమ్మ అరుగు మీద నిలబడి పూజ గంట కొడుతోంది.

మేం కిందకి దిగేసరికి తినడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి పెట్టలు వాటంతట అవే వెళ్ళిపోయాయి. అత్త మడిగట్టు మీద కూర్చుంది. చెప్పులు లేవు, అరికాళ్ళు గీరుకుపోయాయి. గొంతు పూర్తిగా పోయింది. ఎండ పైకి వచ్చాక దిగాయట. అప్పటి నించీ పళ్ళెం కొడుతూ, గుట్ట వైపు తిరిగి పిలుస్తూనే ఉందట.

"ఎంతసేపు పిలిచానండీ. వినపడలేదా మీకు?" అంది, గాలి తప్ప మాట లేని గొంతుతో.

మావయ్య చేతిలోని పుంజు వైపు చూశాడు. గుట్ట నెత్తి వైపు చూశాడు. నాకు కూడా ఆయనతో పాటే అర్థమైంది. గాలికి ఎదురొచ్చిన ఆ కేకలు మా దాకా రాలేదు, గుట్ట మీద ఉన్నదానికి చేరాయి.

"దానికి వినపడింది," అన్నాడు.

అత్తకి అర్థం కాలేదు. ఆయన పుంజుని కింద పెట్టి, ఆమె పక్కన గట్టు మీద కూర్చుని, మెల్లగా అంతా చెప్పాడు. అది పలికినప్పుడల్లా తను ఎంత సంతోషపడ్డాడో కూడా దాచకుండా చెప్పాడు. ఆమె తిడుతుందనుకున్నాను. ఆమె ఆయన చొక్కా మీది గడ్డి పరకలు ఒక్కొక్కటే ఏరి పక్కన పడేసింది. నేను ఏదో ఒకటి అనాలి కదాని, మధ్యాహ్నం అయ్యింది, కార్తీకం వచ్చేసింది అన్నాను.

పుంజు నెలంతా ఫ్రీజర్‌లో ఉంది. దాన్ని చంపిన పాపం ఆశ్వయుజంలోకి, తిన్న పాపం మార్గశిరంలోకి పోతుందని, మధ్యలో కార్తీకానికి ఏ పాపమూ అంటదని అమ్మమ్మ తీర్పు చెప్పింది. అత్త ఆ సోమవారమే పాయింట్ కుక్ వెళ్ళిపోయింది. పొలం అమ్మకానికి పెట్టి, అమ్ముడయ్యేదాకా ఒక్కడే ఉండి, వేసవి చివర మావయ్య కూడా వచ్చేశాడు. ఇప్పుడు మళ్ళీ ఆఫీసుకి గంటన్నర కారు తోలతాడు. ఇంట్లో అత్త వంటింట్లోంచి పిలిస్తే మాత్రం, ఫోన్‌లో ఎంత ముఖ్యమైన మీటింగులో ఉన్నా, మొదటి పిలుపుకే లేచి వెళ్తాడు. పొలం పోయినందుకు ఆయన ఏడవడం నేను చూడలేదు. ఆ పిలుపుకి లేచే తీరులోనే అదంతా ఉంటుంది. ఒక మనిషి కేక ఇంకో మనిషికి చేరడానికి ఒక్కోసారి గుట్ట ఎక్కి దిగినంత సేపు పడుతుంది, ఒక్కోసారి ఒక పొలం అమ్మేంత కాలం పడుతుంది.