పొట్లం మీద అపేలు

దీవి మీది సలేలోలోంగా రేవు పక్క సంతలో ఫువతినో కోకో ముద్దలు అమ్మేది. గింజలు రేకు మీద వేయించి, పొట్టు ఊది, రోట్లో దంచి, ఆ వేడి ముద్దను కప్పుల్లో పోసేది. గట్టిపడ్డాక సంతకు తెచ్చేది. ఆమె కోకో బాగుండేది. పక్క బల్ల మతలేనా కోకో కూడా అంతే బాగుండేది. ఆ వరస వరసంతా అదే సరుకు. పడవ దిగినవాళ్లు ఎవరు ముందు కనిపిస్తే వాళ్ల దగ్గర కొనుక్కుపోయేవాళ్లు.

భర్త పెనియమినా తోట చూసుకునేవాడు. మాటలు తక్కువ మనిషి. వాళ్లకు ఒక్కడే కొడుకు, అపేలు. రెండో తరగతి చదివేటప్పుడు ఒక పొద్దున చేపలకని పగడపు దిబ్బ మీదికి పోయాడు. పోటు ఎక్కింది, వాడు తిరిగి రాలేదు. మర్నాడు అలలే తెచ్చి ఒడ్డున పెట్టాయి. అక్కడి ఆచారం ప్రకారం ఇంటి ముందే పాతిపెట్టుకున్నారు. ఆ తరవాత మొగుడూ పెళ్లాలు వాడి పేరెత్తలేదు. సాయంత్రాలు అతను సమాధి రాయి కడుగుతుంటే ఆమె నీళ్లు అందించేది. వాళ్లిద్దరి మధ్య ఆ మాత్రం చాలేది.

ఒకసారి అక్క కూతురు రూతా రాజధాని అపియా నుంచి వచ్చింది. చిన్న వ్యాపారులకు పెట్టిన తరగతులేవో విని ఊపు మీద ఉంది.

"పిన్నీ, జనం సరుకు కొనరు, మనిషిని కొంటారు. నీ మొహం, నీ పేరు, నీ కథ, అదే నీ బ్రాండు."

"నా మొహం చూస్తే ఉన్న బేరం కూడా పోతుందే. కథంటావా, అందరికున్నదే నాకూ."

రూతా వాకిట్లో సమాధి వైపు చూసింది. ఫువతినో కూడా అటే చూసింది.

పెనియమినా తోటలో ఉండగా ఫోన్‌లో వీడియో తీశారు. ఫువతినో దంచుతూ కొడుకు గురించి చెప్పింది. ఇన్నేళ్లు లోపల కుక్కి పెట్టుకున్న మాటలు కదా, తన్నుకుంటూ వచ్చాయి. కానీ రూతాకు చివర్లో ఏదో తక్కువైనట్టనిపించింది. పోతూ పోతూ వాడు, 'నీ కోకో కడుపులో ఉంటే నాకు సముద్రమన్నా భయం లేదమ్మా' అన్నాడని చెప్పమంది.

"వాడలా అనలేదే."

"ఏదో ఒకటి అనే ఉంటాడుగా పిన్నీ."

ఫువతినో ఆ మాట చెప్పింది. చెబుతూనే భోరుమంది. ఆ ఏడుపు మాత్రం నిజమే.

వీడియో ఆక్లాండులో, సిడ్నీలో ఉన్న ఆ దీవులవాళ్లందరికీ పాకింది. పొట్లాలు అచ్చయ్యాయి. పైన ఆమె మొహం, కింద అపేలు పేరుతో ఆ మాట. బల్ల ముందు జనం బారులు తీరారు. ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని దంచినా సరుకు చాలలేదు.

"మా పిల్లలంతా బతికే ఉన్నారాయె, మా కోకో ఎవరు కొంటారు" అంది మతలేనా, ఎటో చూస్తూ. ఫువతినో తలెత్తలేదు.

పెనియమినా పొట్లం చేతిలోకి తీసుకుని చదివాడు. మళ్లీ చదివాడు.

"వాడీ మాట ఎప్పుడన్నాడు?"

ఆమె మిగతా పొట్లాలు బుట్టలో సర్దసాగింది.

"వాడు నాకూ కొడుకే. ఒక్క మాట అడిగావా నన్ను?"

చాప చుట్టి చంకన పెట్టుకుని ఊరి చివర అన్నగారింటికి వెళ్లిపోయాడు. ఆదివారం భోజనానికి వస్తాడని ఆమె ఎదురుచూసింది. ఆ ఆదివారమూ రాలేదు, ఆ పై ఆదివారమూ రాలేదు.

కొనడానికి వచ్చిన ప్రతివాళ్లూ ఆ పిల్లాడి సంగతి నీ నోటితో ఒకసారి చెప్పమ్మా అనేవాళ్లు. చెప్పేది. మొదట్లో పని ఆపి, కళ్లు తుడుచుకుంటూ చెప్పేది. పోను పోను చిల్లర ఇస్తూ చెప్పేది. ఒకరోజు చెబుతూ చెబుతూ పొయ్యి మీద పడేసొచ్చిన దుంపలు మాడుతున్నాయేమో అనుకుంది. ఏం ఆలోచిస్తున్నానో తెలిసి మాట మధ్యలోనే ఆగింది.

కొన్నాళ్లకు జనానికీ మొహం మొత్తింది. తుపానుకు ఇల్లు పోయినామె తేనె వచ్చింది, పెళ్లాం పోయినతని కొబ్బరినూనె వచ్చింది. ఎవరి కథ వాళ్లది. రూతా ఫోన్ చేసి ఇంకో కొత్త సంగతేదైనా చెప్పాలి పిన్నీ అంది. ఆ తరవాత బ్రిస్బేన్‌లో పని దొరికి వెళ్లిపోయింది. ఫువతినో అచ్చులేని పొట్లాల్లో అమ్మి చూసింది. ఇది ఆ తల్లి కోకో కాదేమో అని పట్టుకున్నవాళ్లు కూడా పెట్టేసి పోయారు. మళ్లీ పాత పొట్లాలే తీసింది.

అక్టోబరులో పిల్లల ఆదివారం వచ్చింది. చర్చిలో తెల్లబట్టల పిల్లలు పాడుతుంటే, ఆ చివరి పొద్దున అపేలు గుమ్మం దాటుతూ ఏమన్నాడో తలుచుకోబోయింది. పొట్లం మీది మాట వచ్చింది. వాడి గొంతుతో కాదు, వీడియోలోని తన గొంతుతో. ఎంత తోసినా అదే వచ్చింది. పాట అవకముందే లేచి బావగారింటికి నడిచింది.

పెనియమినా అరుగు మీద కొబ్బరి కోరుతున్నాడు.

"పెనీ, ఆ రోజు వెళ్తూ వాడు నిజంగా ఏమన్నాడు? నాకు గుర్తు రావడం లేదు."

అతని చెయ్యి ఆగింది.

"నాకు గుర్తుంది."

"చెప్పు."

"చెప్పను. నా దగ్గర మిగిలింది అదొక్కటే. నీకిస్తే సంతకెళుతుంది."

ఆ మాట అమ్ముకోనని ఆమె బైబిలు మీద ఒట్టు పెట్టింది. అతను కోప్పడలేదు, నమ్మనూ లేదు. కొబ్బరి కోరుకుంటూ ఉండిపోయాడు. తోడికోడలు ఆకులో అన్నం చుట్టి చేతిలో పెడితే కాదనలేక తెచ్చుకుంది. ఇంటికొచ్చి తినలేకపోయింది.

సంత రోజున ఒకామె పొట్లం తిప్పి చూసి, "పాపం, మీ బాబేనా?" అంది.

ఫువతినో అవునని చెప్పడం మొదలుపెట్టింది. సగంలో ఉండగా పడవ కూత వేసింది. కొనడానికి వచ్చినామె పొట్లం బల్ల మీద పెట్టేసి, సంచి భుజానికెత్తుకుని రేవు వైపు పరిగెత్తింది.