అత్త చూడని వారాలు

మా మేనత్త తన నోటుబుక్కులో చూడలేదని రాసిన వారాలకు అంకెలు పుట్టించి అచ్చేయించినవాడు, మైదానం నుంచి మా కొండకు వచ్చిన ఒక వ్యవసాయ శాస్త్రవేత్త. ఆ అంకెలకు సాక్షిగా మా అత్త పేరు పెట్టిందీ ఆయనే. అత్త మొన్న మంగళవారం పొద్దున, చోడి అంబలి గిన్నె చేతిలో ఉండగానే, గోడకు ఒరిగి పోయింది. పోయేనాటికి ఆ పేరు ఇంకా అక్కడే ఉంది.

ఆయన పేరు రాయను. రాయాలని చెయ్యి దురద పెడుతూనే ఉంది. కానీ "మనిసిని తిట్టకు, పని సెప్పు" అనేది అత్త. బతికున్నప్పుడు వినలేదు, ఇప్పుడైనా వింటాను.

మాది అరకులోయకు పైన, కాఫీ తోటల మధ్య ఊరు. కాఫీ మొక్క కాండాన్ని లోపల్నుంచి తొలిచేసే పురుగొకటి ఉంది. పట్టిన మొక్కను పీకి కాల్చెయ్యాలి, లేకపోతే పక్క మొక్కకు పాకుతుంది. నాలుగేళ్ల కిందట ఆ శాస్త్రవేత్త ఒక కొత్త మందు తెచ్చారు. అత్త తోటలో నలభై మొక్కలకు ఎర్రరంగు పట్టీ వేయించి, సగానికి మందు కొట్టించి, సగం వదిలేశారు. ప్రతి బుధవారం ఎన్ని మొక్కలకు పురుగు పట్టిందో చూసి రాసే పని అత్తకు అప్పగించారు. అత్త చిన్నప్పుడు బడికి వెళ్లలేదు. వయోజనుల బడిలో అంకెలు నేర్చుకుంది, మాటలు ఓ నాలుగైదు రాయగలదు.

ఆమె చూసే తీరు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నడుము దగ్గర చీర ఎడమ మడతలో నలభై చింతపిక్కలు పోసుకునేది. మొక్క చుట్టూ తిరిగి, బెరడు ఎక్కడ ఉబ్బిందో బొటనవేలితో తడిమి, ఆకుల రంగు చూసి, అప్పుడొక పిక్క కుడి మడతలో వేసేది. ఆఖర్న ఎడమవైపు పిక్క మిగిలిందంటే ఏదో మొక్కను దాటేసినట్టే. మళ్లీ మొదటి మొక్క దగ్గరికి పోయేది. ఒకసారి వానలో అలాగే ఒక పిక్క మిగిలింది. నాకు చలి పుట్టి, "ఒక్కటే కదత్తా, బాగుందని రాసేయ్, బేగి పోదాం" అన్నాను.

"ఆ ఒక్కటీ ఎవులు సూసినారు?" అంది.

నేను గొడుగు విసిరేసి ఇంటికి పోయాను. ఆమె తడుస్తూనే మళ్లీ మొదలెట్టింది.

వెళ్లలేని వారం ఆ గీత మీద చూడలేదని రాసేది, అదీ తన నోట పలికినట్టే, 'సూడనేదు' అని. జ్వరమొచ్చిన వారం అలా రాసింది. గెడ్డ పొంగి తోటకు దారిలేని వారం రాసింది. మావ పోయిన వారం కూడా, దినాలయ్యాక కూర్చుని, ఆ ఒక్క మాటే రాసింది.

పోయినేడు ఆ మందు మీద శాస్త్రవేత్త రాసిన వ్యాసం, పరిశోధనలు అచ్చేసే ఒక ఇంగ్లీషు పత్రికలో వచ్చింది. అరకులో నెట్టు షాపులో ప్రింటు తీయించాను. చివరి పేజీలో కృతజ్ఞతలు చెప్పిన చోట అత్త పేరు కనబడింది. ఆ పేజీకి ప్లాస్టిక్ అట్ట వేయించి ఊరికి పట్టుకొచ్చాను. అందరూ చేతులు తుడుచుకుని మరీ పట్టుకుని చూశారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. మూడేళ్లు కొండెక్కి దిగింది ఈవిడ, రాసినవాళ్ల పేర్లలో ఈవిడ పేరేది? నా చదువంతా కరపత్రాల చదువు. శ్రమ మాది, పేరు మీదా అని రచ్చబండ దగ్గర గొంతు చించుకున్నాను.

"అరవడం అయిందేటి?" అంది అత్త. "మరి అందులో ఏటి రాసినాడో సదువు."

నేను చదవలేదు. ఒక్క పేజీకి అట్ట వేయించి మిగతావి సంచిలో కుక్కాను. సిగ్గుపడుతూ తీసి, కూడబలుక్కుంటూ చదవడం మొదలెట్టాను. వారాల వారీగా అంకెల పట్టిక ఉంది. అత్త నోటుబుక్కు తెచ్చుకుని ఒక్కో గీత మీద వేలు పెట్టింది. సరిపోతూ వచ్చాయి. ఒకచోట వేలు ఆగింది.

"ఈ వారం ఏటి రాసినాడు?"

"రెండు మొక్కలకి పట్టిందట."

"ఎవులు సూసినారు?"

నోటుబుక్కులోకి వంగి చూశాను, ఆమె వేలి కింద 'సూడనేదు' అని ఉంది.

"మీ మావని మట్టిలో పెట్టిన వారంరా అది. నాను తోటకేసి తిరిగైనా సూడనేదు. రెండని ఎవులు సూసినారు?"

ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత కళ్లు తుడుచుకుని, అట్ట వేసిన పేజీ నా చేతిలో పెట్టి, "నా పేరు తీయించు" అంది. నేను ఎక్కించాలని అరిచిన పేరు.

కబురు పంపితే శాస్త్రవేత్త జీపులో వచ్చారు. మంచిగానే మాట్లాడారు.

"ఏమ్మా, ఖాళీలుంటే పత్రికవాళ్లు వేసుకోరు. ముందు వారం, వెనక వారం చూసి మధ్యలో నింపాం. అందరూ చేసేదే."

"నింపినానని రాసినావా బాబూ?"

"అవన్నీ ఎవరు చదువుతారమ్మా? నీ పేరు కూడా వేశాం, సంతోషించాలి."

"మందు మంచిదేనేమో, నాను కాదన్ను. ఆ వారాలు నాకు తెల్దు. తెల్దని రాయి బాబూ. నేకపోతే నా పేరు తీసీ."

ఆయన నవ్వి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. నేను జీపు వెనక రాయి తీసుకుని పరిగెత్తాను. అత్త నా చొక్కా పట్టుకుని లాగితే గుండీలు రాలాయి. "రాయెట్టుకుని ఎల్తే నోటుబుక్కు ఎవులు సూస్తారురా, సన్నాసి గుంటడా?" అని తనే వాటిని ఏరి కుట్టింది.

పేరు ఒక్కటే అయితే ఆమె అంత పట్టు పట్టేది కాదేమో. వ్యాసం వచ్చాక, పురుగు పట్టిన మొక్కను పీకనక్కర్లేదు, మందు కొడితే చాలునన్న మాట సంతలో పాకింది. జనం జబ్బు మొక్కల్ని అలాగే ఉంచేశారు. పక్క మొక్కలూ పసుపెక్కడం మొదలైంది. అత్త ఆ తోటల గట్ల మీద నడుస్తూ, "పీకండర్రా, పీకండి" అనేది. "నీ పేరెట్టి అచ్చేసినారు కదే, ఇప్పుడు నువ్వే కాదంటావేటి?" అనేవారు. ఆ మాటకు ఇంటికొచ్చి అన్నం ముట్టేది కాదు.

పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాశాం. అచ్చులో తప్పుందని ఎవరు చెప్పినా విచారించాలని, తప్పు తేలితే దిద్దుబాటు అచ్చేయాలని, లేదా వ్యాసాన్నే వెనక్కి తీసుకోవాలని వాళ్ల నియమాల్లోనే ఉంది. చదివి వినిపిస్తే అత్త ఆశ్చర్యపోయింది. "మంచి మాటలే రాసుకున్నారే! మరి పాటించరేటి?" నెలలు గడిచాక జవాబొచ్చింది. ఆ నోటుబుక్కు తర్వాత పుట్టించిందని శాస్త్రవేత్త అంటున్నారట. చదువురాని మనిషి అన్ని వారాలు రాయలేదని ఆయన వాదన. అందుకని ఆయన పనిచేసే సంస్థ నుంచి కమిటీ వచ్చి తోటనూ, నోటుబుక్కునూ చూస్తుందట.

అప్పుడు నేనొక పని చెయ్యబోయాను, చెప్పుకోవాలి. నోటుబుక్కులో రెండు పేజీలు వానకు తడిసి అలికిపోయాయి. కమిటీ దాన్నే పట్టుకుంటుందని భయం. "అత్తా, నీకు గుర్తుండే ఉంటాది. చెప్పు, తిరగరాసేస్తాను" అన్నాను. ఆమె నాకు వడ్డిస్తున్నది ఆపేసింది.

"ఆ బాబు జీపులో వొచ్చినాడు, నువ్వు కాళ్లతో వొచ్చినావు. పనొకటే."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు తనే వచ్చి, "తడిసిపోనాదని సెప్పు, సాలు" అంది.

ప్రయోగం ఎప్పుడో అయిపోయింది. అయినా అత్త ప్రతి బుధవారం వెళ్తూనే ఉండేది. పోయిన బుధవారం ఆమెను మావ పక్కన పెట్టి వచ్చాం. గురువారం నోటుబుక్కు తెరిచాను. ఆ వారం గీత ఖాళీగా ఉంది. ఆమె మాటే రాద్దామని పెన్ను మూత తీశాను. ఆ పుస్తకంలో నా చేతిరాత ఉండకూడదని అప్పుడు తట్టింది. మూత పెట్టేశాను. అటు తర్వాత గీతలన్నీ అలాగే ఉంటాయి.

కమిటీ వచ్చే శుక్రవారం, సంత రోజునే, కిరండోల్ రైలు దిగి పైకి వస్తోంది. లెక్కపెట్టిన మనిషి లేదు. నోటుబుక్కునూ, డబ్బాలో ఉన్న ఆ నలభై చింతపిక్కలనూ మొదటి మొక్క దగ్గర పెడతాను. నేను కేకలు వేయను, మీరూ వేయొద్దు. అత్త ఆ మొక్కల మధ్య తిరగడం కళ్లారా చూసినవాళ్లు వచ్చి, ఏ కాలంలో చూశారో, ఏం చూశారో అంతవరకే చెప్పండి. చూడనివాళ్లు కూడా రండి. అడిగితే చూడలేదనే చెప్పండి.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు, అత్త తోటలో, ఎర్ర పట్టీల మొక్కల దగ్గర.