రబ్బరు బూట్లూ, నా రిఫ్రెషర్ కోర్సూ

టీ తర్వాత తాగొచ్చు, ముందిది వినండి. మొన్న శనివారం యూనివర్సిటీలో ముప్పై మంది లెక్చరర్ల ముందు నిలబడి నేను రబ్బరు బూట్లు డిమాండ్ చేశాను. చేసి, ఏ గ్రేడు కొట్టుకొచ్చాను. నవ్వకండి, మొదట్నుంచీ చెప్తాను.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పడం మొదలెట్టి ఏడేళ్ళయింది. సీనియర్ స్కేల్ రావాలంటే రిఫ్రెషర్ కోర్సు చేసి తీరాలి. మూడు వారాలు, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా మనమే పిల్లల్లా బెంచీల మీద కూర్చోవాలి. చివరి వారంలో ఒక్కొక్కరూ అందరి ముందూ ఇరవై నిమిషాల డెమో క్లాసు చెప్పాలి, నాది చివరి రోజు. అది పాడైతే సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ లేకపోతే వచ్చే నెల ప్రమోషన్ ఇంటర్వ్యూకి నా ఫైలు కదలదు. "ఇది పోతే మళ్ళీ రెండేళ్ళు ఆగాలి, చూసుకో" అని మా ప్రిన్సిపాల్ మేడమ్ ముందే చెప్పేశారు.

మా నాన్న సింహాచలానికి ఈ కోర్సంటే మొదట్నుంచీ అనుమానమే. ఆయన శ్రీకాకుళం నుంచి కలకత్తా వచ్చి గార్డెన్ రీచ్ డాకుల్లో ఓడలకి సరుకు ఎక్కించి దింపే పనిలో పడ్డాడు, ఇప్పటికీ అదే పని. "ఉజ్జోగం ఇచ్చిన ఏడేళ్ళకి టైనింగేటే అమ్మలూ? ఇన్నాళ్ళూ పిల్లలకి నువ్వేటి సెప్పినావు మరి?" అని పదిమందిలో అడిగేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. అదే ప్రశ్న నాకూ ఉండేదనుకోండి, అది వేరే సంగతి.

మా కూలీల ఇళ్ళ లైన్లో నాలుగు భాషలు రాయగలిగింది నేనే కాబట్టి యూనియన్ ప్లకార్డులు కూడా నేనే రాయాలి. చిన్నప్పట్నుంచీ అంతే. మీటింగ్ ఉందంటే చాలు, నాన్న చార్టు పేపర్లు, ఎర్ర రంగు డబ్బా తెచ్చి నా ముందు పెట్టేస్తాడు. శుక్రవారం సాయంత్రం కూడా పెట్టాడు. మర్నాడు మైదానంలో పెద్ద మీటింగు, తడిలో పనిచేసే డాకువాళ్ళకి రబ్బరు బూట్లు కావాలని డిమాండు. నా డెమో కూడా మర్నాడే. లోడ్ షెడ్డింగ్‌లో ప్రొజెక్టర్‌ని నమ్ముకోలేక నేనూ చార్టే వేసుకుంటున్నాను, ఓడ నీళ్ళలో ఒరిగిపోకుండా ఎలా నిలబడుతుందీ అని. అవే పేపర్లు, అదే ఎర్ర రంగు. ఒక గీత ఓడకి, ఒక గీత బూట్లకి, మధ్యలో అమ్మ "కూడు సల్లారిపోతంది" అని కేకలు. చివరికి రెండూ వేర్వేరుగా చుట్టి, ఒకే జనపతాడు తెంపి రెండిటికీ కట్టి, గుమ్మం పక్కన నిలబెట్టాను. ఎంత పని తెమిల్చానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

శనివారం పొద్దున రోడ్డు మీద ఒక్క బస్సు లేదు. అన్నీ మీటింగుకే పోయాయి. చెయ్యెత్తితే ఏ టాక్సీ ఆగడం లేదు. పదకొండుకి నా క్లాసు. నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడే నాన్నావాళ్ళ లారీ బయల్దేరుతోంది. "ఎక్కెయ్యే, మైదానం కాడ దిగి మెట్రో పట్టుకుందువు గాని" అన్నాడు నాన్న. ఇస్త్రీ చేసిన నేత చీరలో, పైనుంచి ఇద్దరు లాగుతుంటే, కిందనుంచి అమ్మ తోస్తుంటే, లెక్చరర్ గారు లారీ ఎక్కారు. నా చార్టూ నాన్న ప్లకార్డూ కేబిన్ వెనకాల పక్కపక్కనే కూర్చున్నాయి.

దారిలో నాన్న జతగాడు ఎర్రయ్య మావ, "ఈయేళ టైనింగులో ఏటి సెప్తావమ్మా?" అన్నాడు. ఓడ గురించి అన్నాను. లారీలో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. "అయితే బరువు సరుకు అడుగునెట్టాలని సెప్పు. ఇనప సామాను కింద, దూది బేళ్ళు పైన. తిరగేసి పేరిస్తే ఓడ ఒరిగిపోద్ది. ముందల అదే సెప్పాల" అన్నాడు మావ. "అవన్నీ సిలబస్‌లో ఉండవు మావా" అన్నాను నేను. ఎంత పొగరుగా అన్నానో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మైదానం దగ్గర దిగి, ఎవరో అందించిన కట్ట చంకలో పెట్టుకుని, మెట్రోకి పరిగెత్తాను. పదకొండుకి రెండు నిమిషాలుండగా క్లాసులో పడ్డాను. గ్రేడులేసేది హిరణ్మయ్ బాబు అని రిటైర్డ్ ప్రొఫెసరు. తెల్లటి ధోతీ, మూడు వారాల్లో ఒక్కసారి కూడా నవ్వని మొహం. నా పక్క బెంచీ షర్మిలాదికి, అంటే షర్మిల అక్కకి, కట్ట ఇచ్చి బోర్డుకి పిన్ చెయ్యమని, నేను అందరి వైపూ తిరిగాను. అద్దం ముందు బట్టీ పట్టిన మొదటి మాట ధైర్యంగా వదిలాను.

"మిత్రులారా, నా వెనక ఉన్నది చూడండి. ఇరవై నిమిషాల్లో మీరంతా దీన్ని ఒప్పుకుంటారు."

వెనక బెంచీలోంచి ఒకాయన, అలవాటు కొద్దీ పిడికిలెత్తి, "దితే హొబే" అన్నాడు. ఇచ్చి తీరాలి అని. ఆ మాట ఒకరంటే ఈ ఊళ్ళో మిగతావాళ్ళు ఊరుకోగలరా? ముప్పై మంది లెక్చరర్లూ ఒక్క గొంతుతో, "దితే హొబే, దితే హొబే". వెనక్కి తిరిగి చూశాను. బోర్డు నిండా నా చేతిరాతే, ఎర్రగా, బెంగాలీలో: డాకు కార్మికులకు రబ్బరు బూట్లు ఇవ్వాలి. కింద నేను ముచ్చటపడి వేసిన బూట్ల బొమ్మ, ఒక జత.

హిరణ్మయ్ బాబు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "ఇది ఏ సిలబస్, దిదిమొణి?" అన్నారు. టీచరమ్మని ఇక్కడ అలాగే పిలుస్తారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ప్రమోషన్, ఫైలు, ఇంకో రెండేళ్ళు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అప్పుడు నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? "సార్, ఓడ ఒరగకుండా సరుకు పేర్చేది ఈ బూట్లు అడుగుతున్నవాళ్ళే. ఈ రోజు పాఠం వాళ్ళదే" అనేశాను.

అనేశాక చెప్పాలి కదా. అటెండర్ని బతిమాలి బకెట్టుతో నీళ్ళు తెప్పించి, హిరణ్మయ్ బాబు కుర్చీ ముందే పెట్టించాను. నా టిఫిన్ డబ్బాలో పులిహోర మూతలోకి వంచేసి షర్మిలాది చేతిలో పెట్టాను. ఖాళీ డబ్బా నా ఓడ. బల్ల మీది పేపర్‌వెయిట్ సరుకు. డబ్బా అడుగున పేపర్‌వెయిట్ పెట్టి, నీళ్ళలో వదిలి, వేలితో తట్టాను. ఊగి ఊగి నిలబడింది. తర్వాత, ఎవరో తాగి పెట్టిన మట్టి టీ కప్పు తీసి డబ్బాలో బోర్లించి, దాని నెత్తిన అదే పేపర్‌వెయిట్ పెట్టాను. అదే డబ్బా, అదే బరువు, చోటే మారింది. ఇలా తాకానో లేదో, ఓడ బోల్తా. నీళ్ళెగిరి పెద్దాయన ధోతీ మీదా, బూట్ల మీదా పడ్డాయి.

ఆయన తడిసిన కాళ్ళు చూసుకున్నారు. బోర్డు వైపు చూశారు. "ఇప్పుడర్థమైంది. ఇవ్వాల్సిందే" అన్నారు. అని, మూడు వారాల్లో మొదటిసారి, భుజాలు కదిలేలా నవ్వారు.

ఇక చూస్కోండి, ప్రశ్నల మీద ప్రశ్నలు. ఇరవై నిమిషాల క్లాసు ఒంటిగంట దాకా సాగింది, భోజనాలు చల్లారిపోయినా ఒక్కరూ లేవలేదు. షర్మిలాది మాత్రం పులిహోర మొత్తం తినేసింది. సాయంత్రం లిస్టు పెడితే నా పేరు పక్కన ఏ గ్రేడు. మెట్రోలో కూర్చోబుద్ధి కాలేదు, నిలబడే వచ్చాను.

ఇంటికొచ్చేసరికి నాన్న, ఎర్రయ్య మావ వాకిట్లో కూర్చున్నారు. గోడకి నా చార్టు, వెదురు కర్రకి కట్టి ఉంది.

"కర్రకి కట్టి పైకెత్తినాక గానీ సూసుకోలేదే. మా గుంట గీసింది గదా, దించడమేటి అని మైదానమంతా తిప్పినాను" అన్నాడు నాన్న. "లీడరు బాబు వచ్చి, సింహాచలం దాదా, ఈ డిమాండేటి అనడిగినాడు."

"నువ్వేటన్నావు?" అన్నాను.

"నానేటంటాను? మా ఓడ మునగకూడదు బాబూ అన్నాను. సుట్టూరా ఉన్నోలంతా సప్పట్లు కొట్టినారు."

ఏ గ్రేడు సంగతి చెప్పాను. ఎర్రయ్య మావ లారీలో చెప్పిందే నేను చెప్పానని కూడా ఒప్పుకున్నాను. "టైనింగు పాసైపోనాదిరా మా గుంట" అని నాన్న లైనంతా వినపడేలా కేకేశాడు. మావ మాత్రం చార్టు దగ్గరికెళ్ళి ఒంగి చూస్తున్నాడు.

"ఈ ఎర్ర సుక్కేటి టీచరమ్మా?"

"బరువంతా అక్కడున్నట్టు లెక్క మావా."

"మరి పొగగొట్టం కాడెట్టినావేటి?"

వెళ్ళి చూశాను. నిజమే. బూట్లకీ ఓడకీ మధ్య తిరిగిన హడావుడిలో, అడుగున పెట్టాల్సిన చుక్క తీసుకెళ్ళి పొగగొట్టం పక్కన పెట్టాను. ఆ చార్టే హిరణ్మయ్ బాబు ముందు విప్పి ఉంటే, ఓడతో పాటు నా ప్రమోషన్ కూడా అక్కడే బోల్తా. దించేద్దాం నాన్నా, సరిచేసి మళ్ళీ వేస్తాను అన్నాను. వింటేగా.

సర్టిఫికెట్ ట్రంకుపెట్టెలో ఉంది. చార్టు మాత్రం నాన్న ముందు గదిలో మేకులు కొట్టి బిగించేశాడు. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు, "మా అమ్మలు మూడు వారాలు టైనింగు సేసి నేర్సుకున్నది ఇదే" అని.