బుగ్గ మీద లేని మచ్చ

టైలరమ్మ మొగుడు పాటలు కడతాడని ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. తెలియకుండా ఉండే అవకాశం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. నీళ్ళ మీటర్లు చూసి అంకెలు రాసుకోవడానికి ఇంటింటికీ తిరిగే ఉద్యోగం కావడంతో, మీటరు దగ్గర వంగినప్పుడు ఒక పల్లవి, లేచినప్పుడు ఒక చరణం వినిపించి గానీ కదిలేవాడు కాదు. మొహమాటస్తులు "ఆహా" అనేవాళ్ళు. తెలివైనవాళ్ళు ఆయన వచ్చే రోజు కనిపెట్టి, అంకె తామే కాగితం మీద రాసి గేటుకు అంటించి తలుపు వేసుకునేవాళ్ళు. అందరూ ఆయన్ని పాటలాయన అని పిలిచేవాళ్ళు. అది బిరుదనుకుని ఆయన పొంగిపోయేవాడు.

ఈ పాటలాయన పదకొండేళ్ళుగా ఒక ఆల్బమ్ చేస్తున్నాడు. బాణీలు జానపదం, మాటలు సొంతం, గిటారు వాయించేదీ ఆయనే. విషయం ప్రేమ, గడిచిపోయే కాలం. మొత్తం తొమ్మిది పాటలు. "ఎవరి మీద రాశారు?" అని ఎవరైనా అడిగితే చాలు, కళ్ళు సగం మూసి, "ఇంకెవరి మీద? మా ఆవిడ మీదే" అనేవాడు.

ఆ "మా ఆవిడ" ముందు గదిలో కుట్టుమిషను మీద వంగి ఉండేది. ఇల్లు రెండు గదులు. ముందు గదిలో మిషను, ఇస్త్రీ బల్ల, తాడుకు వేలాడే చొక్కాలు. వెనక గది కళకు అంకితం. కిటికీకి దుప్పట్లు కట్టి, తలుపు సందుల్లో ఆమె కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలు కుక్కి, పరుపు లేపి గోడకు ఆనించి, దాన్ని స్టూడియో అనేవాడు. లోపలినుంచి "టేక్!" అన్న అరుపు వినగానే ఆమె కుట్టు ఆపాలి, ఫ్యాను ఆపాలి, తుమ్ము వస్తే అదీ ఆపాలి. సగం కుట్టిన కాలరు చేతిలో పట్టుకుని, చెమటలు కక్కుతూ, తన మీద రాసిన పాట పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చునేది. తలుపు ఇవతలికి గిటారు మోత తప్ప ఒక్క మాటా స్పష్టంగా వచ్చేది కాదు. "ఏం రాశారో ఒక్కసారి వినిపించండి" అంటే, "పూర్తయ్యాక వింటే ఆ మజా వేరు" అనేవాడు.

వాళ్ళిద్దరూ మొదట కలిసింది యూనిఫాంలు కుట్టే ఒక కొట్లో. అప్పుడామె అక్కడ పనిచేసేది. కొత్త ఉద్యోగం ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి ఆయన వచ్చాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని అంచుకు గుండుసూదులు పెడుతుంటే, ఆయన నిలువుటద్దంలో తనను తాను చూసుకుంటూ కూనిరాగం తీశాడు. ఆ రాగానికి ఆమె పడిపోయింది. ఆయన అద్దంలోకే చూస్తున్నాడన్న సంగతి అప్పట్లో పట్టించుకోలేదు.

బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు, "మీరెంత అదృష్టవంతులండీ! మా ఆయన నా కోసం రాసింది సరుకుల చీటీ ఒక్కటే" అంటుంటే ఆమె సిగ్గుపడేది. యాభై మూడేళ్ళకు అంత సిగ్గు అక్కర్లేదని తెలుసు. అయినా ఒక మనిషి పదకొండేళ్ళు కూర్చుని తన గురించి రాశాడంటే, తనకే తెలియనిదేదో తనలో చూసి ఉండాలి కదా. అదేమిటో తెలుసుకోవాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయేది.

చివరికి ఆల్బమ్ తయారైంది. విడుదల సభ ఇంకా నాలుగు రోజులుందనగా పాటలు ఆమె ఫోనులోకి ఎక్కించి, "తీరిగ్గా విను" అని చెప్పి పాటలాయన మీటర్లకు వెళ్ళిపోయాడు. పక్క వీధిలో ఉండే అక్క కూడా వచ్చి కూర్చుంది. టైలరమ్మ కాజాలు కుట్టే పని ఒళ్ళో పెట్టుకుని ఫోను నొక్కింది.

మొదటి పాటలో ఒక అమ్మాయి రేవులో పడవ దిగింది. టైలరమ్మ జన్మలో పడవ ఎక్కలేదు. నీళ్ళు కదలడం చూస్తేనే ఆమెకు కడుపులో తిప్పుతుంది. సరే, కవిత్వం కదా అనుకుంది. రెండో పాటలో ఆ అమ్మాయి ఉంగరాల జుట్టు గాలికి ఎగిరింది. టైలరమ్మ జుట్టు దువ్వెన పెడితే జారిపోయేంత తిన్నన. సూది కాస్త నెమ్మదించింది. ఇక మూడో పాట.

"చెప్పకుండ వచ్చావు
చేతిలోన చెయ్యిచ్చావు
బుగ్గమీద మచ్చ నీది
కాలమంత మెచ్చేది"

అక్క ఆమె గడ్డం పట్టుకుని, పోయిన వస్తువు వెతుకుతున్నట్టు మొహం అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒసేయ్, నీకు మచ్చెక్కడిదే?"

"లేదు."

"చిన్నప్పుడూ లేదు. నిన్ను చంకనేసుకుని తిరిగినదాన్ని, నాకు తెలీదా? ఇదెవతో వేరే మనిషే!"

"పాట కోసం ఏదో రాసుంటారులే."

"ఏంటి రాసేది? నీ మీద రాస్తే నీ మిషనేదీ? ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క సూదైనా గుచ్చుకోలేదా ఆ మహానుభావుడికి?"

మిగిలిన ఆరూ విన్నారు. మిషను లేదు, సూదీ లేదు. రేవు అమ్మాయి మాత్రం ఆఖరిదాకా తిరుగుతూనే ఉంది. కాలం గడిచిపోయిందని పాటపాటకీ ఏడ్చాడే గానీ, ఆ అమ్మాయికి ఒక్క వెంట్రుకైనా నెరవనివ్వలేదు పాటలాయన.

ఆ తర్వాత రెండు రోజులు టైలరమ్మ పడ్డ పాట్లు చెబితే నవ్వుతారు. ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. ఆయన మీటర్లు చూసే ఇళ్ళన్నీ మనసులోనే గుమ్మం గుమ్మం తిరిగి, ఉంగరాల జుట్టు ఎక్కడుందో వెతికింది. బజార్లో ఒకావిడ బుగ్గ మీద మచ్చ కనిపిస్తే కూరల సంచీతో సహా వెంటపడింది. తీరా దగ్గరికెళ్ళి చూస్తే ఆవిడకు డెబ్భై ఏళ్ళు.

సభకు కొత్త చొక్కా కావాలన్నాడు పాటలాయన. ఆమె ఎదురుగా నిలబెట్టి కొలతలు తీసుకుంది. నడుము అయింది, భుజాలు అయ్యాయి. మెడ చుట్టూ టేపు తిప్పి, రెండు కొసలూ పట్టుకుని ఆగింది.

"ఎవరండీ ఆవిడ?"

"ఏ ఆవిడ?"

"బుగ్గ మీద మచ్చ ఆవిడ."

పాటలాయన గాభరా పడతాడనుకుంది. ఆయన మొహం వెలిగిపోయింది.

"అదా! 'వచ్చావు', 'ఇచ్చావు' తర్వాత ఏం రావాలే? 'మచ్చ' తప్ప దిక్కులేదు. మూడు నెలలు వెతికాను తెలుసా? 'పచ్చ' పెట్టి చూశాను, బుగ్గకి కామెర్లొచ్చినట్టుంది."

"మరి ఉంగరాల జుట్టు?"

"తిన్నటి జుట్టు పాటలో నిలబడదు. జారిపోతుంది."

"పడవ?"

"తెడ్డు దెబ్బ తాళానికి భలే కుదిరింది. ఇంతకీ ప్రాస ఎలా ఉంది?"

"అంటే, అలాంటి మనిషెవరూ లేరా?"

"పిచ్చిదానా! ఇంకో ఆడమనిషిని చూసే తీరిక నాకెక్కడిది? రాయడానికే టైము చాలదు!"

ఆయన నిజమే చెబుతున్నాడని మొహం చూడగానే ఆమెకు తెలిసిపోయింది. మొగుడు నిర్దోషి అని తేలితే ఏ పెళ్ళామైనా హమ్మయ్య అనుకుంటుంది. ఈమెకు మాత్రం ప్రాణం ఉసూరుమంది. వేరే మనిషి ఉన్నా బాగుండేది. ఆ మనిషినైనా ఈయన కళ్ళు తెరిచి చూసి ఉండేవాడు. పదకొండేళ్ళు ఫ్యాను ఆపుకుని తను ఉడికిపోయింది ఒక ప్రాస కోసమన్నమాట! టేపు కాస్త బిగించింది గానీ, కొలత సరిగ్గానే రాసుకుంది. పనిలో మోసం ఆమెకు చేతకాదు.

సభ సాయంత్రం ఐదింటికి, గ్రంథాలయం మేడమీది హాల్లో జరిగింది. జనం ముప్పైమంది. అందులో సగం నీళ్ళ ఆఫీసు వాళ్ళు, పై అధికారి రమ్మంటే కాదనలేక వచ్చినవాళ్ళు. వ్యాఖ్యాత మైకు పట్టుకుని, "ఈ ప్రేమగీతాల నాయిక మన మధ్యనే ఉన్నారు! రండమ్మా, రెండు మాటలు చెప్పండి" అని ఆమెను వేదిక మీదికి పిలిచాడు.

ఆమెకు మైకు ముందు నిలబడటం అదే మొదలు. గొంతు సవరించుకుంది.

"ఆ పాటల్లో ఉన్న అమ్మాయి ఎవరో నాకు తెలీదండీ. ఆయన్నే అడిగాను. ఆయనకీ తెలీదట."

హాలంతా గొల్లున నవ్వింది. చప్పట్లు మోగాయి. "ఏం చమత్కారమమ్మా! పాటలకంటే మీ మాటే బాగుంది" అని ఒకాయన లేచి మరీ మెచ్చుకున్నాడు. నవ్వనివాళ్ళు ఇద్దరే. ఒకరు ఆమె. రెండోవారు కొత్త చొక్కాలో బిగుసుకుపోయి కూర్చున్న ఆయన.

మర్నాడు పాటలాయన సెలవు పెట్టాడు. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

"పదిమందిలో నా పరువు తీశావు."

"అందులో ఒక్క ముక్క అబద్ధముంటే చెప్పండి," అంది ఆమె మిషను తొక్కుతూనే.

దెబ్బలాటకు సిద్ధమై ఆయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. దెబ్బలాటకు కూర్చున్నాక ఎదుటి మనిషి మొహం చూడక తప్పదు. చూశాడు. చాలాసేపు చూశాడు. మిషను మీద ఆమె కాళ్ళు తడబడ్డాయి. పెళ్ళైన కొత్తలో కూడా అంతసేపు చూసిన గుర్తు లేదు ఆమెకు.

"నువ్వు కళ్ళద్దాలు ఎప్పుడు పెట్టుకున్నావు?" అన్నాడు.

మిషను ఆగింది.

"ఏడేళ్ళయింది."

"ఏడేళ్ళా!"

"సూదిలో దారం ఎక్కడం లేదని నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. మీరప్పుడు నాలుగో పాటలో ఉన్నారు."

పాటలాయన మొహం పాలిపోయింది. ఆమెకు జాలేసింది, నిజంగానే జాలేసింది. లేచి దగ్గరికి వెళ్దామని అనుకుంటూ ఉండగానే ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళి, పెన్నుతో బయటికి వచ్చింది.

ఆమె జాలి అక్కడికక్కడే ఆగిపోయింది. ఆయన బల్ల మీదున్న కటింగు కాగితం లాక్కుని గబగబా రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు, వేళ్ళతో బల్ల మీద తాళం వేసుకున్నాడు. పదో పాట పుడుతోంది. ఎదురుగా కూర్చుని, తలకిందులుగా ఉన్న అక్షరాల్నే ఆమె కూడబలుక్కుని చదివింది. అందులో సూది ఉంది, ఎక్కని దారం ఉంది, కళ్ళద్దాలున్నాయి. ఒళ్ళు ఝల్లుమంది. ఈ పాటలో ఉన్నది తనే. ఎవరు కాదన్నా తనే.

"అంతా కుదిరింది గానీ," అని గొణిగాడు ఆయన, "'ఏడేళ్ళు' దగ్గర తాళం తప్పుతోంది. 'పన్నెండేళ్ళు' అంటే సరిగ్గా పడుతుంది. పన్నెండు చేసేస్తా."

ఆమె లేచి వచ్చి ఆ కాగితం మీద అరచెయ్యి ఆనించింది.

"ఏడేళ్ళే. ఒక్క నెల కూడా పెంచడానికి వీల్లేదు. తాళం మార్చుకోండి."