డ్రైవరు కాళ్ల కింద ఫ్రీ డెమో

కారు కుడివైపు ముందు తలుపు కింద, మెరిసే మీగడ రంగు మీద గోరంత పొక్కు కనిపించింది. స్క్రూడ్రైవర్ మొనతో ఊరికే అలా తట్టి చూశాను. పొక్కు పగిలి మొన లోపలికి దిగింది. ఆగుతుందేమో అనుకున్నాను, పిడి దాకా దిగింది. బయటికి లాగితే దాని వెంట ఎర్రటి పొడి, టీలో నానిన బిస్కెట్టులా మెత్తబడ్డ రేకు ముక్కలు రాలాయి.

ఆ అంబాసిడర్ మా బావగారిది. ప్రభుత్వ ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారు. అమీర్‌పేటలోని ఇంటి ముందు ఆ కారు ఎన్నో ఏళ్లుగా ఉంది, ఆ సందులో చాలామందికి అదే గుర్తు. ఆటోవాళ్లకి దారి చెప్పేటప్పుడు కూడా ‘అంబాసిడర్ ఉన్న ఇల్లు’ అనే చెప్పేవాళ్లం. కంటిలో శుక్లాలు ముదిరాక ఆయన నడపడం మానేశారు. కారు టార్పాలిన్ కిందికి పోయింది. పోయిన వేసవిలో సోమాజిగూడలో ఆపరేషన్ అయింది. పగటిపూట కొద్ది దూరం నడపొచ్చని డాక్టరు అన్న రోజు నుంచి ఆయనకి ఒకటే కోరిక. దసరానాడు బండికి పూజ చేసి, పక్కన అక్కని కూర్చోబెట్టుకుని, పంజాగుట్ట చౌరస్తా దాకా వెళ్లి రావాలి.

పిల్లలు సగం మనసుతో ఒప్పుకున్నారు. బండి బాగుంటేనే అన్నారు, అదీ ఈ ఒక్కసారికే. బాగుచేయించే పని నామీద పడింది. పేపరు ఉద్యోగం నుంచి బయటపడ్డవాడికి బోలెడు తీరిక ఉంటుందని మా ఇంట్లో అందరి నమ్మకం. పండగలోపు అయిపోతుందని నేనే గొప్పగా చెప్పాను. పైకి చూస్తే ఏమంత పని ఉన్నట్టు లేదు మరి. బ్యాటరీ, టైర్లు, బ్రేకులు, కాస్త పాలిష్, అంతే అనుకున్నాను.

పంజాగుట్ట వెనక సందులో ఒక షెడ్డుకి తీసుకెళ్లాం. దాని యజమాని బోరబండ నుంచి వచ్చిపోయే మెకానిక్, మాటకారి. మొదటిరోజు కారు చుట్టూ తిరిగి, చిన్న పనే, ఫికర్ చేయొద్దన్నాడు. సీట్లు విప్పాక ఆ మాట అనడం మానేశాడు. వేలి కణుపుతో రేకుని తట్టేవాడు. మంచి రేకు ఖంగుమంటుంది. కంతలు పూడ్చే లప్పం పూసిన చోట గోడని తట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. ఆ కారు చాలా చోట్ల గోడలాగే పలికింది. తుప్పు పట్టిన ప్రతి కంత మీదా లప్పం, లప్పం మీద రంగు, ఆ రంగు ఉబ్బితే మళ్లీ లప్పం.

“గిది కారు కాదు సార్, గణపతి. నీళ్లల్ల ఏస్తే కరిగిపోతది,” అన్నాడు.

నేను రోజూ మెట్రో దిగి షెడ్డుకి నడిచేవాణ్ణి. రోజూ ఒక కొత్త కంత. ముందు చక్రం పైన మడ్‌గార్డు గీకితే లప్పం వెనక ఉండచుట్టి కుక్కిన న్యూస్‌పేపర్లు బయటపడ్డాయి. తడిసి, ఎండి, అట్టలా గట్టిపడ్డాయి. మా పేపరు కాదు, మా పోటీవాళ్లది. ఆ వారంలో నాకు నవ్వొచ్చింది అప్పుడొక్కసారే. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో పేజీలో తప్పు దొరికితే, దానిమీద సరైన లైను కత్తిరించి అంటించేవాళ్లం. పొద్దున అచ్చులో ఆ అతుకు ఎవరికీ కనిపించేది కాదు. కాకపోతే ఆ పేజీ ఒక్కరోజు బతికితే చాలు. కారు సంగతి అది కాదు కదా అని ఆ పాత మెకానిక్‌లని తిట్టుకునేవాణ్ణి. వాళ్లెవరో మాత్రం నాకు తెలియదు.

ఈ తుప్పు ఎండావానల వల్ల వచ్చింది కాదు. బావగారు ప్రతి ఉదయం కాఫీ కంటే ముందు కారుకి స్నానం చేయించేవారు. బయటే కాదు, లోపల కూడా. తలుపులు తెరిచి, బకెట్టుతో నీళ్లు కొట్టి, చీపురుతో ఊడ్చి, తడి ఆరకముందే రబ్బరు మ్యాట్లు పరిచేసేవారు. ఆ శుభ్రం చూసి సందులో అందరూ మెచ్చుకునేవాళ్లు. నేనూ మెచ్చుకున్నాను. ఏటా దసరా ముందు కారుని ఏదో ఒక షెడ్డుకి పంపేవారు. దానికి ఆయన పెట్టుకున్న పేరు ‘పండగ టచింగ్’. పూజనాటికి నిగనిగలాడుతూ వచ్చి ఇంటి ముందు నిలబడేది.

అసలుది డ్రైవరు సీటు ముందు బయటపడింది. మ్యాటు తీసి, కింద పూసిన తారు గీకుతుంటే నీలం రంగు కనిపించింది. ఇంకొంచెం గీకితే తెల్ల అక్షరాలు. ఫ్రీ డెమో. దాని కింద, కొత్త బ్యాచ్‌లు ప్రారంభం. అమీర్‌పేటలో ఏ స్తంభం చూసినా వేలాడే కోచింగ్ సెంటర్ల బోర్డు రేకు అది. కారు అడుగు రేకు తుప్పుకి పోతే, ఆ బోర్డుని కత్తిరించి, అంచుల్లో నాలుగు రివెట్లు కొట్టి, పైన తారు పూసేశారు. బ్రేకు తొక్కే కాలి మడమ సరిగ్గా ‘ఫ్రీ’ మీద ఆనుతుంది.

సరిగ్గా చేయాలంటే ఎంత టైం పడుతుందని అడిగాను. తుప్పు పట్టిన భాగమంతా కోసేసి, కొత్త రేకు వంచి, వెల్డింగ్ చేయాలట. దీపావళి దాటుతుందన్నాడు. దసరాకి రెండు వారాలే ఉంది. నా మొహం చూసి గొంతు తగ్గించాడు.

“జర తారు కొడ్తా, లప్పం పెడ్తా. పండుగకు బండి మీ ఇంటి ముంగట ఉంటది. చౌరస్తా దాకనే కద సార్, బేఫికర్ పోయొస్తరు.”

వద్దు అనబోయి ఆగాను. చౌరస్తా దాకా ఎంత దూరం? పైగా ఈ దసరా దాటితే పిల్లలు ఇచ్చిన సగం ఒప్పుకోలు నిలుస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఇంటికెళ్లి ఆలోచించి చెప్తానన్నాను. బావగారు ఫోన్ చేస్తే పని నడుస్తోందని పొడిగా చెప్పి పెట్టేశాను. ఆ పొడితనమే ఆయనకి అనుమానం తెచ్చినట్టుంది. మర్నాడు ఆటోలో షెడ్డు ముందు దిగారు.

సీట్లు, తలుపులు లేని కారు చుట్టూ ఒకసారి తిరిగారు. మెకానిక్ ఊరుకుంటాడా? కొత్త శ్రోత దొరికాడు కదా, నీలం రేకు చూపిస్తూ మొదలుపెట్టాడు.

“ఎవడు చేసిండో గానీ పెద్దసార్, వానికి శాలువ కప్పాలె. కాళ్ల కింద క్లాసులు పెట్టిండు.”

బావగారు వంగి, కొత్త కళ్లతో ఆ అక్షరాలు చదివారు.

“అతన్ని అనకు. నేనే వెయ్యమన్నాను.”

ఆ తర్వాత మెల్లగా చెప్పుకొచ్చారు. ఒక దసరా ముందురోజు కాలి కింద కంత పడింది. అప్పటి మెకానిక్ వారం కావాలన్నాడు. పొద్దున్నే పూజ, బండి ఇంటిముందు లేకపోతే ఎలా అని ఈయన పట్టుబట్టారు. అతను గాలికి ఊడిపడ్డ బోర్డు ఒకటి తెచ్చి కోసి వేశాడు. ఆ తర్వాతి దసరాలన్నీ అంతే. బండి ఎప్పుడిస్తావనే అడిగారు గాని ఎలా చేశావని ఒక్కసారీ అడగలేదట. ఇవాళ చూసేదాకా ఆ బోర్డు సంగతే మర్చిపోయారట.

చెబుతూనే చెప్పు కొసతో రేకుని నొక్కారు. గట్టిగా కూడా కాదు. రివెట్లు ఊడి, బోర్డు ధడాలున షెడ్డు నేల మీద పడింది. కారులోంచి కింద నూనె మరకలు, ఒక బీడీ ముక్క కనిపించాయి.

“దీని మీద కాలు పెట్టి మీ అక్కనీ పిల్లల్నీ శ్రీశైలం ఘాట్ రోడ్డు దింపానోయ్,” అన్నారు నాతో. మెకానిక్ వైపు చూపిస్తూ, “ఇంక పండగ మాట ఎత్తకు. కొయ్యమను,” అన్నారు.

నా పని తేలికైపోయింది, నిజమే. మనసు మాత్రం తేలిక కాలేదు. ఇన్నాళ్లూ ముఖం తెలియని మెకానిక్‌లని తిట్టుకున్నాను. తొందరపెట్టింది మేమే అని తెలిశాక ఆ తిట్లకీ దిక్కు లేకుండా పోయింది. అక్కకి చెబితే, దీపావళికి పిల్లలు ఇంకో మాట అంటారు చూడు అంది.

దసరానాడు సందులో ప్రతి స్కూటరుకీ బంతిపూల దండే. మా కారు షెడ్డులో కొయ్య దిమ్మెల మీద ఉంది. చక్రాల్లేవు, డ్రైవరు వైపు అడుగు లేదు. అయినా పూజ ఆపడానికి బావగారు ఒప్పుకోలేదు. అక్క పళ్లెం పట్టుకుని చుట్టూ చూసింది.

“చక్రాలే లేవు, ఈ నిమ్మకాయలు ఎక్కడ పెట్టమంటారు?”

“దిమ్మెల ముంగట పెట్టుండ్రి అమ్మా, గవే ఇప్పుడు చక్రాలు,” అన్నాడు మెకానిక్.

బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. బావగారు లోపల ఒక స్టూలు వేయించుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నారు. అడుగు లేని చోటులోంచి ఆయన పాదాలు రెండూ నేలమీద ఆనాయి. హారన్ నొక్కారు గాని బ్యాటరీ లేదు. దిగాక అలవాటు కొద్దీ మూలనున్న బకెట్టు అందుకోబోతే, మెకానిక్ పక్కకి జరిపేశాడు. ఇకమీదట తడిగుడ్డేనని, స్నానాలు బందని చెప్పాడు. ఆయన మొహం చిన్నబోయింది.

ఆ తర్వాతి వారం ఎడమవైపు అడుగు విప్పారు. మెకానిక్ ఫోన్ చేశాడు.

“సార్, జర వచ్చి చూడుండ్రి. ఫోన్ల చెప్పే ముచ్చట కాదు.”

వెళ్లాను. ఆ పక్క కూడా కంతలే, వాటి మీద నూనె డబ్బా రేకులు. దీపావళి అన్నవాడు ఇప్పుడు సంక్రాంతి అంటున్నాడు. బావగారికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ అక్కడే నిలబడ్డాను. దిమ్మెల ముందు నిమ్మకాయలు చక్రం కింద నలగకుండానే ఎండిపోతున్నాయి.